ఆ అయిదు నిమిషాలూ పని గంటలే

(జూలై 30 మృతవీరుల సంస్మరణ సభలో, యానాంలో, యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



1936లో ఇదే రోజున, జూలై 30న, పుదుచ్చేరిలో మిల్లు కార్మికుల మీద ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపారు. 12 మంది కార్మికులు నేలకొరిగారు. వాళ్ల నెత్తురు వృథా పోలేదు. మరుసటి ఏడు, 1937లో, ఫ్రెంచి ఇండియాలో 8 గంటల పనిదినం చట్టమయింది. మన యానాం కూడా అప్పుడు ఫ్రెంచి ఇండియాలోదే. ఇవాళ మనం షిఫ్టు అయిపోయిందని టిఫిను క్యారేజి పుచ్చుకుని ఇంటికి పోతున్నామంటే అది ఆ పన్నెండు మంది పెట్టిన భిక్ష.

ఏటా ఆ గంటల గురించి చెప్పుకుంటున్నాం. ఈ ఏడు నేను నిమిషాల గురించి మాట్లాడదలుచుకున్నాను. ఒక్క అయిదు నిమిషాల గురించి. మెయిను ఆపాక, కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టే ముందు, ఆగవలసిన అయిదు నిమిషాల గురించి.

మిల్లులోనూ అదే పెట్టె, బండిలోనూ అదే పెట్టె

మిల్లు కార్మికుల సభలో మోటారు బళ్ల కరెంటు సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. పుదుచ్చేరిలో 1898లో పుట్టిన ఏ.ఎఫ్.టి. మిల్లు 2020లో మూతపడింది. మిల్లు మూతపడితే ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేసిన ఫిట్టరు ఎక్కడికి పోతాడు? బళ్ల షెడ్డుకి పోతాడు. మన పిల్లలు ఐ.టి.ఐ. చదివి ఎక్కడికి పోతున్నారు? షెడ్డుకే. ఆ షెడ్డుకి ఇవాళ కరెంటు ఆటోలు వస్తున్నాయి, కరెంటు కార్లు వస్తున్నాయి. 2019లో హైదరాబాదు విమానాశ్రయానికి కరెంటు బస్సులు వేశారు. 2022లో అవి తిరుమల కొండెక్కాయి. చెడిపోతే వాటిని బాగుచేసేది ఎవరు? మనమే, మన పిల్లలే.

ఇంకో మాట. మిల్లులో రింగు ఫ్రేము మోటారుని నడిపే ఇన్వర్టరు పెట్టె, కరెంటు కారు మోటారుని నడిపే ఇన్వర్టరు పెట్టె అన్నదమ్ములు. రెండిటి కడుపులోనూ ఉన్నది డి.సి. కరెంటు, దాన్ని దాచుకునే కెపాసిటర్లు. ఒకటి చంపే పద్ధతిలోనే రెండోదీ చంపుతుంది. అందుచేత ఈ మాట మిల్లులో ఉన్నవాళ్లకీ పనికొస్తుంది, షెడ్డుకి పోయినవాళ్లకీ పనికొస్తుంది.

నేను కళ్లారా చూసింది

1996లో నేను ఒక మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్ హెల్పరుని. అంతకు ముందు రింగు ఫ్రేముల మీద డాఫరుగా చేశాను. మా ఫిట్టరు నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. పనిలో దిట్ట. అప్పుడే మా డిపార్టుమెంటుకి కొత్తగా ఇన్వర్టర్లు వచ్చాయి. వాటి గురించి మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పుస్తకం ఆఫీసు బీరువాలో ఉండేది, తాళం సూపర్‌వైజరు దగ్గర ఉండేది.

ఒక రాత్రి షిఫ్టులో ఒక ఫ్రేము ఆగింది. సూపర్‌వైజరు వచ్చి మా నెత్తిన నిలబడ్డాడు. "ఎంతసేపయ్యా? ప్రొడక్షను పోతోంది" అన్నాడు. అన్న మెయిను ఆపాడు, ఫ్యూజులు లాగి జేబులో వేసుకున్నాడు, మూత విప్పాడు. నేను టార్చి పట్టుకున్నాను. "కరెంటు ఆపేశాంగా" అంటూ చెయ్యి పెట్టాడు. టపాసు పేలినట్టు చప్పుడయింది. అన్న ఎగిరి వెనకున్న స్తంభానికి కొట్టుకున్నాడు.

ప్రాణం దక్కింది. కుడి చేతి రెండు వేళ్లు మళ్లీ చాచుకోలేదు. ఫిట్టరుగా ఉన్న మనిషి గేటు దగ్గర కూర్చున్నాడు. విచారణ జరిగింది. కాగితం మీద ఒక్క ముక్క రాశారు: "కార్మికుని అజాగ్రత్త". నెత్తిన నిలబడినవాడి తొందర గురించి ఆ కాగితంలో లేదు. బీరువాలో ఉన్న పుస్తకం గురించి లేదు. ఆ పుస్తకంలో, మెయిను ఆపాక ఇన్ని నిమిషాలు ఆగాలి అని మొదటి పేజీల్లోనే ఉందని నాకు తర్వాత తెలిసింది.

అసలు జరిగిందేమిటి? మనకి తెలిసిన మాటల్లో చెబుతాను. ధవళేశ్వరంలో తలుపులు దించేస్తే మన కాలవలో నీళ్లు ఆ క్షణానే ఇంకిపోతాయా? పోవు. అలాగే మెయిను ఆపినా కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. మిల్లులో మూడు ఫేజుల సప్లయి 415 వోల్టులు. దాన్ని ఇన్వర్టరు డి.సి.గా మార్చాక అది దాదాపు 587 వోల్టులవుతుంది. అక్కడ 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉందనుకోండి, అందులో దాగిన శక్తి 172 జౌళ్లు. అంటే 17 కిలోల గుండు మీటరు ఎత్తునుంచి పడ్డ దెబ్బంత. అది మన గుండె మీదుగా పోతుంది.

ఆ నిలవ కరెంటుని మెల్లగా తాగెయ్యడానికి లోపల ఒక రెసిస్టరు పెడతారు. దానికి టైము కావాలి. కొన్ని పెట్టెలకి 5 నిమిషాలు, కొన్నిటికి 10, పెద్దవాటికి ఇంకా ఎక్కువ. పెట్టె మీద చీటీలోనో, పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఆ రెసిస్టరు మాడిపోయి ఉంటే గంట ఆగినా కరెంటు అలాగే ఉంటుంది. అందుకే ఆగడం ఒక్కటే చాలదు, ఆగాక కొలవాలి. ఆ కొలతలోనూ చావు ఉంది. ఇక ఆ సంగతికి వస్తాను.

గీతలు చూపించే పెట్టె

ఆసిలోస్కోపు అనే పరికరం ఇప్పుడు షెడ్డుల్లోకి వచ్చింది. దీని మూలం 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ చేసిన గాజు గొట్టం. ఇవాళ అది అరచేతిలో పట్టే పెట్టె. లాప్‌టాప్‌కి తగిలిస్తే తెర మీద గీత కనిపిస్తుంది. మల్టీమీటరు రేవులో నీరు ఎంతుందో ఒక అంకెగా చెబుతుంది. స్కోపు ఆటుపోట్లు చూపిస్తుంది. ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఎక్కడ తెగింది, అన్నీ గీతలో కనిపిస్తాయి. ఊరికే స్పేర్లు మార్చి గిరాకీ డబ్బు తగలెయ్యకుండా, జబ్బు ఎక్కడుందో చూసి వైద్యం చెయ్యడానికి ఇది మంచి పనిముట్టు. నేర్చుకోవద్దు అనను. నేర్చుకోండి. కాని పాములవాడి బుట్టలో చెయ్యి పెట్టేముందు ఏ పాముందో తెలుసుకోండి.

మొదటిది. పెట్రోలు బండి బ్యాటరీ 12 వోల్టులేగా అని ధీమా వద్దు. ఇంజెక్టరు మూసుకునే క్షణాన దాని తీగలో 60 వోల్టులు దాటి ఎగురుతుంది. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీలో 300, 400 వోల్టులు వస్తుంది. ప్లగ్గుకి పోయే తీగలో అయితే 20,000 నుంచి 40,000 వోల్టులు. స్కోపు ఎంతవరకు ఓర్చుకుంటుందో దాని సాకెట్టు పక్కనే రాసి ఉంటుంది. అది చదవకుండా తగిలించకండి. కాయిల్ ప్రైమరీకి అటెన్యుయేటరు వెయ్యాలి. 20కి 1 వంతు అటెన్యుయేటరు 400 వోల్టుల్ని 20కి దించి స్కోపుకి ఇస్తుంది. ప్లగ్గు తీగని సూదితో పొడవకూడదు. తొడుగు మీద పట్టుకునే క్లిప్పు ఉంటుంది, ప్లగ్గు మీదే కాయిల్ ఉంటే పైన ఆనించే పట్టీ ఉంటుంది. వాటితోనే చూడాలి.

రెండోది. అటెన్యుయేటరు వేసి, లాప్‌టాప్‌లో ఆ సంగతి చెప్పకపోతే 400 వోల్టులు తెర మీద 20గా కనిపిస్తాయి. ఇరవయ్యేగా అని చెయ్యి పెడతాడు. ఇంకా చెడ్డది ఒకటుంది. స్కోపులో ఏ.సి. కప్లింగ్ అని ఒక సెట్టింగు ఉంది. అది వేసి ఉంటే, నిలకడగా ఉన్న 587 వోల్టులు తెర మీద సున్నా గీతలా పడుకుంటాయి. అందుచేత కరెంటు చచ్చిందా లేదా తేల్చుకోవడానికి స్కోపుని నమ్మకండి. దానికి తగిన వోల్టేజి టెస్టరో, మల్టీమీటరో వాడండి. స్కోపు జబ్బు చూడడానికి, చావు తేల్చడానికి కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. గోడ ప్లగ్గులో పెట్టి వాడే స్కోపు నల్ల క్లిప్పు, ప్లగ్గులోని ఎర్తు పిన్నుకి లోపల కలిసే ఉంటుంది. ఆ నల్ల క్లిప్పుని నెగటివే కదా అని ఇన్వర్టరు డి.సి. నెగటివుకి తగిలిస్తే ఏమవుతుంది? మిల్లులో ఆ నెగటివు ఎర్తు కాదు, ఎర్తుకి వందల వోల్టుల తేడాలో ఉంటుంది. ఆ సన్నని తీగ గుండా షార్టు సర్క్యూటు అవుతుంది. రాగి ఆవిరై మొహం మీదికి వస్తుంది. కళ్లు పోతాయి.

దీనికి కొందరు "తెలివైన" విరుగుడు కనిపెట్టారు. ఎర్తు పిన్ను విరిచేస్తారు. అప్పుడు షార్టు అవదు, నిజమే. కాని స్కోపు ఇనప ఒళ్లంతా ఆ వందల వోల్టులు ఎక్కి కూర్చుంటాయి. తాకినవాడు పోతాడు. ఎర్తు పిన్ను విరిచిన పరికరం ఎక్కడ కనబడినా దాన్ని అక్కడే పక్కన పెట్టించండి.

బ్యాటరీ మీద నడిచే లాప్‌టాప్ అయితే ఫరవాలేదా అని మొన్న ఒక కుర్రవాడు అడిగాడు. మన పాత సభ్యుడి కొడుకే. షెడ్డులో చార్జరు పెట్టి ఉన్న లాప్‌టాప్‌తో కొలవబోయి లాప్‌టాప్ తగలబెట్టుకున్నాడు. అదృష్టవంతుడు, తనకేమీ కాలేదు. అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బ్యాటరీ మీద నడిపినా నల్ల క్లిప్పు ఏ వోల్టేజి మీద ఉంటే లాప్‌టాప్ లోహమంతా ఆ వోల్టేజి మీదే ఉంటుంది. పైగా చాలా స్కోపుల్లో నాలుగు ఛానళ్ల నల్ల క్లిప్పులూ లోపల ఒకటే. రెండు వేరు వేరు చోట్ల తగిలిస్తే స్కోపు గుండానే షార్టు అవుతుంది. అసలైన మందు డిఫరెన్షియల్ ప్రోబు. దానికి రెండు మొనలు ఉంటాయి, రెండిట్లో ఏదీ ఎర్తు కాదు. మధ్యలో దాని పెట్టె ఎక్కువ వోల్టేజిని దించి స్కోపుకి ఇస్తుంది. అది లేకపోతే ఆ కొలత మన పని కాదు అని చెప్పి లేచి రావాలి.

నాలుగోది. ప్రోబు మీద 1000 వోల్టులు అని ఉంటే చాలదు. పక్కన క్యాట్ 2, క్యాట్ 3, క్యాట్ 4 అని ఉంటుంది. గోడ ప్లగ్గు మీద నడిచే సామానుకి క్యాట్ 2. డిస్ట్రిబ్యూషన్ బోర్డుకి, మిల్లు మూడు ఫేజుల మోటారుకి క్యాట్ 3. బయట నుంచి కరెంటు వచ్చి దిగేచోట క్యాట్ 4. పిడుగు పడినా, పెద్ద మోటారు ఆగినా లైనులో వేల వోల్టులు క్షణకాలం ఎగురుతాయి. క్యాట్ 3, 1000 వోల్టుల పరికరాన్ని 8,000 వోల్టుల దెబ్బకి పరీక్షిస్తారు. క్యాట్ 2, 1000 వోల్టులది 6,000కే. అంకె ఒకటే, ఓర్పు వేరు. ఆ గుర్తే లేని చౌక తీగలతో మోటారు జోలికి పోకండి.

కరెంటు బండి దగ్గర

కరెంటు బళ్ల నిబంధనల్లో డి.సి. 60 వోల్టులు, ఏ.సి. 30 వోల్టులు దాటితే హై వోల్టేజి కింద లెక్క. ఆ తీగలకి నారింజ రంగు తొడుగు ఉంటుంది. నారింజ రంగు కనబడిందంటే పచ్చజెండా కాదు, ఎర్రజెండా అనుకోండి. కార్లలో 300, 400 వోల్టులు మామూలు, బస్సుల్లో అంతకంటే ఎక్కువ. ఈ వోల్టేజి బండి ఇనప ఒంటికి తగలకుండా విడిగా వేలాడుతూ ఉంటుంది. అది మన రక్షణ కోసం పెట్టింది. ఎర్తు ఉన్న స్కోపు నల్ల క్లిప్పుని దాని నెగటివుకి తగిలిస్తే ఆ రక్షణని మన చేత్తో మనమే తీసేసినట్టు. ఆ తర్వాత ప్లస్సు తీగకి చెయ్యి తగిలితే చాలు.

ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్లకి పడిపోయే స్విచ్చు ఉంటుంది కదా అనుకోకండి. ఇన్వర్టరు కడుపులోనూ, బండి బ్యాటరీలోనూ ఆ స్విచ్చు మనల్ని కాపాడదు. మిల్లులో ఇంకో చిక్కు ఉంది. నూలు తెగకుండా గాలిలో తేమ పెడతారు. ఒళ్లంతా చెమట. తడి చర్మం కరెంటుకి తలుపు తీసినట్టే.

పని వరస

ఇది మనం రాసి గోడకి అంటించుకోవలసిన వరస.

మొదట, తాకకుండా తెలుసుకోగలిగితే తాకవద్దు. తొడుగు మీదుగా పట్టే క్లాంపుతోనో, బండి కంప్యూటరు చెప్పేదాన్ని స్కానరుతో చదివో పని జరిగితే అక్కడే ఆగండి.

తర్వాత, కరెంటు ఆపండి. మిల్లులో మెయిను ఆపి తాళం వెయ్యండి, తాళంచెవి మీ జేబులో ఉండాలి, మీ పేరు చీటీ మీద ఉండాలి. బండి అయితే తాళంచెవి తీసి, 12 వోల్టుల బ్యాటరీ తీగ విప్పి, రబ్బరు గ్లవుజులు వేసుకునే, కంపెనీ పుస్తకంలో చెప్పిన వరసలో సర్వీసు ప్లగ్గు లాగి దగ్గర పెట్టుకోండి.

తర్వాత ఆగండి. పుస్తకం ఎన్ని నిమిషాలంటే అన్ని. గడియారం చూసి.

తర్వాత, చేతికి 1000 వోల్టుల క్లాస్ 0 రబ్బరు గ్లవుజులు, వాటి మీద తోలు గ్లవుజులు. వేసుకునే ముందు మణికట్టు దగ్గర మడిచి గాలి బంధించి చూడండి. గాలి పోతే చిల్లు ఉన్నట్టు. ఉంగరాలు, మొలతాడు గొలుసులు తీసెయ్యండి.

తర్వాత మూడు సార్లు కొలవండి. టెస్టరు పనిచేస్తోందా లేదా, కరెంటు ఉన్నదని తెలిసిన చోట పెట్టి చూడండి. అప్పుడు ఆపిన చోట చూడండి. మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. మధ్యలో టెస్టరే చచ్చిపోతే సున్నా చూపిస్తుంది, ఆ సున్నాని నమ్మినవాడు పోతాడు.

స్కోపు ప్రోబు తగిలించడం కూడా కరెంటు ఆపి ఉన్నప్పుడే. తగిలించి, చేతులు తీసి, దూరంగా నిలబడి, అప్పుడు కరెంటు ఇచ్చి గీత చూడండి. విప్పేటప్పుడు మళ్లీ ఇదే వరస మొదటి నుంచీ.

ఆఖరుది, ఒంటరిగా చెయ్యవద్దు. పక్కన రెండో మనిషి ఉండాలి. ఎవరికైనా షాకు తగిలితే ముందు కరెంటు ఆపాలి, ఒట్టి చేత్తో లాగకూడదు. 108కి ఫోను చెయ్యాలి. మనిషి ఊపిరి తియ్యకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా అదమాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకుపోయి గుండె పరీక్ష చేయించాలి.

అజాగ్రత్త ఎవరిది?

సోదరులారా, ఈ వరసంతా వినడానికి బాగుంది. చెయ్యడానికి టైము ఎవరిస్తారు? షెడ్డులో బండికి ఇంత అని కూలి. ఆగితే కూలి పోతుంది. మిల్లులో ఫ్రేము ఆగితే సూపర్‌వైజరు నెత్తిన నిలబడతాడు. గ్లవుజులు ఎవరు కొనాలి? డిఫరెన్షియల్ ప్రోబు ఎవరు కొనాలి? ఇవి మన జేబులోంచి కొనవలసినవి కావు. పని చేయించుకునేవాడు ఇవ్వవలసినవి.

ఒక చట్టం సంగతి గుర్తుపెట్టుకోండి. 1923 నాటి పరిహార చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ, ఊరికే అజాగ్రత్త అన్నంత మాత్రాన కార్మికుడి పరిహారం పోదు. తాగి ఉన్నాడనో, రక్షణ కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడనో, రక్షణ పరికరాన్ని కావాలని తీసేశాడనో యాజమాన్యం చూపించాలి. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోయినా ఆ సాకులు కూడా చెల్లవు. ఇ.ఎస్.ఐ. ఉన్నవాళ్లకి లాభాలు ఆ దారిలో వస్తాయి. మా అన్నకి ఈ మాట చెప్పినవాళ్లు ఆనాడు లేరు. "నా తప్పే" అని వేలిముద్ర వేసినట్టు సంతకం పెట్టి వచ్చాడు. నేను యూనియన్‌లోకి వచ్చింది ఆ సంతకం చూశాకే.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కోడ్ల మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. అది వేరే సభలో మాట్లాడుకుందాం. కాని వాటిలోని వృత్తి భద్రత కోడ్‌లో కూడా, రక్షణ గురించి సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ప్రాణాపాయం తప్పదనిపిస్తే యాజమాన్యానికి చెప్పి, ఇన్‌స్పెక్టరుకీ తెలియజేసే హక్కు ఉంది. ఉన్న హక్కుని వాడుకుందాం.

అందుచేత మన డిమాండ్లు నాలుగు. ప్రతి కరెంటు పెట్టె మీద ఆగవలసిన నిమిషాలు తెలుగులో రాయాలి. పుస్తకం బీరువాలో కాదు, పని చేసేవాడి చేతికి అందేచోట ఉండాలి. సరైన ప్రోబులు, టెస్టర్లు, గ్లవుజులు యాజమాన్యమే ఇవ్వాలి. ఆగిన టైముకి కూలి కోత ఉండకూడదు.

షెడ్డుల్లో ఉన్న మన పిల్లలకి ఒక్క మాట. బాబూ, ఫోనులో వీడియో చూసి నారింజ తీగ జోలికి పోవద్దు. తరగతి పెట్టిస్తాం, వచ్చి నేర్చుకోండి. యజమాని తొందరపెడితే "ఇంకా మూడు నిమిషాలుందండీ" అని మర్యాదగా చెప్పి గడియారం వంక చూస్తూ నిలబడండి. అది బద్ధకం కాదు. అది పని.

పన్నెండు మంది ప్రాణమిచ్చి మనకి 8 గంటలు తెచ్చారు. ఆ 8 గంటల్లో ఈ అయిదు నిమిషాలూ ఉన్నాయి. వాటిని ఎవరికీ వదులుకోవద్దు.

జూలై 30 అమరవీరులకు జోహార్లు!
కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!